కిరీటమును కుళ్లాయియు

కృష్ణదేవరాయల పేరు వినినంతనే నాటకములలోను చలనచిత్రములలోను మెఱయు కిరీటము మన కన్నులకు గట్టును. కాని తిరుమల దేవాలయమున తిరుమలదేవికిని చిన్నాదేవికిని నడుమ చేతులు జోడించి నిలిచిన రాయల లోహప్రతిమను చూడుడు. ఆ తలపై నున్నది కిరీటము కాదు, ఎత్తైన కుళ్లాయి. 1520 ప్రాంతమున విజయనగరమునకు వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయిసును రాయల తలపై జలతారు టోపీనే చూచి వ్రాసియున్నాడు.

కుళ్లాయి యనునది పారసీకుల 'కులాహ్' శబ్దమే. ఈ సంగతి చెప్పినచో కొందఱు నొచ్చుకొందురు. సుల్తానులతో పోరాడిన ప్రభువు వారి టోపీ పెట్టునా యని వారి ప్రశ్న. పెట్టినాడు, అందులకు సిగ్గుపడినట్లును కానరాదు. ఆ వంశములవారు 'హిందూరాయ సురత్రాణ' బిరుదమును 14వ శతాబ్దియందే వహించిరి. సురత్రాణుడనగా సుల్తానే; సంస్కృతమున దేవరక్షకుడను నర్థము కూడ కలిసివచ్చినది. పారసీక రాయబారులును, హొర్ముజు గుఱ్ఱపు వర్తకులును వచ్చిపోవు కొలువున, ప్రభువని చూడగనే తెలియుటకు ఆ వేషము కావలసెను.

లేపాక్షి చిత్రములలో అధికారులకును కుళ్లాయిలు కలవు గదా, అది రాజచిహ్నమెట్లగునని యడుగవచ్చును. మన ప్రాచీన మర్యాదయే దీనికి సమాధానము. 'పట్టము గట్టుట' యని నేటికిని అనుచున్నాము. అట్లు కట్టునది నుదుటి బంగారు పట్టము. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో దీని కొలతలు చెప్పినాడు. నడుమ వెడల్పు రాజునకు 8 అంగుళములు, రాణికి 7, యువరాజునకు 6, సేనాపతికి 4. ప్రభువు ప్రసాదముగా నిచ్చు పట్టమునకు 2. రాజపట్టమునకు అయిదు శిఖలు, రాణికిని యువరాజునకును మూడేసి, సేనాపతికి ఒకటి; ప్రసాదపట్టమునకు శిఖయే లేదు. ఆభరణ మొక్కటే, తారతమ్యము కొలతలోనిది. కొలువంతయు ఒకే తీరు శిరోవేష్టనము ధరించుట మనకు క్రొత్త కాదు.

శ్రీనాథుని దని ప్రసిద్ధమైన యొక చాటువున మాత్రము, కర్ణాటక ప్రభువు దర్శనమునకై కుళ్లాయి పెట్టవలసివచ్చినందుకు కవి విసుగు వినబడును. ఆ విసుగు మాకు ముచ్చటగానే యున్నది. కాని కవికి నచ్చనిది ప్రభువునకు నచ్చినది.

రాయలకు కిరీటము చేయించు శక్తి లేక కాదు. 1513లో తిరుమలకు మొదట వచ్చినపుడు ఆయన నవరత్నకిరీటము నొకదానిని సమర్పించెను. అది వేంకటేశ్వరుని శిరస్సునకు.