చివరి చుక్క ఎరుపు

"రాత్రిళ్లు ఆవు పెట్టే గురకకి ఇంట్లో ఎవరికీ నిద్ర ఉండట్లేదండీ, ఆయ్" అంటూ ఓ రైతు తన ఆవుని మా పశువుల ఆసుపత్రికి తోలుకొచ్చాడు. 1981, కోనసీమ. నేను ఉద్యోగంలో చేరి రెండు నెలలైంది. ముక్కులోంచి కారుతున్న చీమిడి కాస్త గాజుపలక మీద రాసి మైక్రోస్కోపు కింద పెడితే, కొడవలిలా వంగిన గుడ్లు కనబడ్డాయి. ముక్కు లోపలి సిరల్లో కాపురముండే షిస్టోసోమా పురుగు గుడ్లవి. ఆ పురుగుని 1930ల్లో మద్రాసు పశువైద్య కళాశాలలో ఎం. అనంతనారాయణరావు గారు గుర్తించారు. తిరుపతిలో మాకు ఆ పాఠం చెప్పిన మాస్టారు ప్రతి ఏడూ ఒకే మాట అనేవారట: "వీడు తమ్ముడోయ్. అన్న ఈజిప్టులో ఉంటాడు, మనిషి మూత్రాశయం దగ్గర."

ముప్పై ఏళ్లు తమ్ముడితోనే సరిపోయింది. రిటైరయ్యాక అన్న గురించి చదవటం మొదలుపెట్టాను. 2019లో మా అబ్బాయి టికెట్లు కొనిస్తే కైరో కూడా వెళ్లొచ్చాను. అందరూ పిరమిడ్లు చూస్తుంటే నేను కాలువలు చూశాను. మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది.

అన్నగారి పద్ధతి ఇది. కాలువలో బులైనస్ అనే చిన్న నత్త ఉంటుంది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని ఒంట్లోంచి కంటికానని పురుగు పిల్లలు వేలల్లో బయటికొస్తాయి. నీళ్లలో దిగినవాడి చర్మాన్ని నిమిషాల్లో తొలుచుకుని లోపలికెళ్తాయి. కాలేయంలో పెరిగి, జతకట్టి, మూత్రాశయం చుట్టూ ఉన్న సిరల్లోకి చేరతాయి. మగపురుగు తన ఒంటిని గాడిలా ముడిచి ఆడదాన్ని అందులో పెట్టుకుంటుంది. ఏళ్ల తరబడి అదే కాపురం. ఆడది పెట్టే ప్రతి గుడ్డుకీ ఓ కొసన ముల్లు ఉంటుంది.

మూత్రాశయం గోడని చీల్చుకుని బయటపడిన గుడ్లు మూత్రంలో పోతాయి. పోనివి గోడలోనే ఇరుక్కుపోతాయి, నష్టమంతా వాటితోనే. మూత్రం పోయటం పూర్తయ్యే వేళకి సంచి ముడుచుకుంటుంది, పుండ్లు ఒత్తుకుంటాయి, చివరి చుక్కలు ఎర్రగా పడతాయి. మంట, గడియగడియకీ వెళ్లాలనిపించటం. ఏళ్లు గడిచేకొద్దీ చచ్చిన గుడ్ల మీద సున్నం పేరుకుని, సంచి లోపల ఇసక చల్లినట్టు మచ్చలు పడతాయి. గోడ పెంకులా బిగుసుకుని, ఎక్స్‌రేలో పసిబిడ్డ పుర్రెలా గుండ్రంగా కనిపిస్తుంది. మూత్రనాళాలు సన్నబడి మూత్రపిండాలు ఉబ్బుతాయి. ఇరవై ముప్పై ఏళ్లకి కొందరికి అక్కడే కేన్సరు. 1911లోనే కైరోలో ఫెర్గూసన్ అనే వైద్యుడు ఈ పురుగుకీ మూత్రాశయం కేన్సరుకీ ముడిపెట్టాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కేన్సరు విభాగం ఆ ముడిని ఖాయం చేసింది 1994లో.

ఇది నిన్నమొన్నటి జబ్బు కాదు. 1910లో మార్క్ ఆర్మాండ్ రఫర్ అనే ఆయన మూడు వేల ఏళ్ల నాటి మమ్మీల మూత్రపిండాల ముక్కల్ని నానబెట్టి మెత్తబరిచి చూస్తే, సున్నం కట్టిన ఈ గుడ్లే దొరికాయి. 1798లో నెపోలియన్ వెంట ఈజిప్టులో దిగిన ఫ్రెంచి సిపాయిలకి ఒంటికి వెళ్తే రక్తం పడుతోందని వాళ్ల సర్జన్లు రాసుకున్నారు. ఊళ్లలోవాళ్లకి మాత్రం అందులో వింత లేదు. ఆడపిల్లకి వయసొస్తే రక్తం పడినట్టు మగపిల్లాడికీ పడుతుందని అనుకున్న కాలం అది. ఊరంతటికీ ఉన్నదాన్ని ఎవరూ రోగమనరు. మా దగ్గరా అంతే, గేదెకి ఆ గురక పురుగున్నా పెద్దగా గురక రాదు కాబట్టి దాన్ని ఆసుపత్రికి తెచ్చేవాళ్లే కాదు.

పురుగు చేతికి దొరికింది 1851లో, ధవళేశ్వరంలో కాటన్ ఆనకట్ట పని ఇంకా నడుస్తున్న రోజుల్లో. కైరోలో కస్ర్ అల్ ఐనీ ఆసుపత్రిలో శవాలు కోస్తున్న థియోడర్ బిల్హార్జ్ అనే పాతికేళ్ల జర్మన్ డాక్టరు, కాలేయానికి రక్తం తెచ్చే సిరలో దాన్ని చూశాడు. 37 ఏళ్లకే పోయాడు కానీ పేరు జబ్బుకి అంటుకుంది: బిల్హార్జియా. అది ఒంట్లోకి ఎలా వస్తోందన్నది మాత్రం మరో అరవై ఏళ్లు తేలలేదు. నత్త అక్కర్లేదు, నేరుగా మనిషికే పడుతుందని కైరోలో ఆర్థర్ లూస్ అనే పెద్ద పండితుడు పట్టుబట్టి కూర్చున్నాడు. 1915లో యుద్ధం మధ్యలో బ్రిటిష్ సైన్యం పంపిన రాబర్ట్ లైపర్, కైరో శివార్లలో నత్తలు ఏరి, ఎలుకల మీద పరీక్షించి తేల్చేశాడు. పండితుడి పట్టుదల వల్ల ఎన్నేళ్లు పోయాయో లెక్కేస్తే నాకు ఒళ్లు మండుతుంది.

ఇక కాలువలు. నైలు కింద పాత సేద్యం మడుగుల సేద్యం. ఆగస్టు వరద వచ్చి పొలాలు నింపేది, నీరు తీశాక విత్తేవారు, తర్వాత నెలల తరబడి నేల బీటలిచ్చేది, నత్తలు చాలావరకు చచ్చేవి. ఎత్తు చేలకి నీళ్లు తోడటానికి వాళ్ల షాదూఫ్ ఉండేది. మ్యూజియంలో దాని బొమ్మ చూసి "మన ఏతమే కదా" అని పైకే అనేశాను. పంతొమ్మిదో శతాబ్దంలో పత్తి కోసం ఏడాది పొడుగునా నీళ్లు కావాల్సొచ్చాయి. నైలు డెల్టా దగ్గర కట్టిన బ్యారేజీ బీటలు వారితే, 1883లో దాన్ని బాగుచెయ్యటానికి వచ్చిన స్కాట్ మాంక్రీఫ్ మన దేశపు కాలువల మీద పనిచేసినవాడే. 1902లో పూర్తయిన అస్వాన్ ఆనకట్టకి రూపమిచ్చిన విలియం విల్‌కాక్స్ ఇక్కడే పుట్టి, రూర్కీలో చదివాడు. మన కాలువల దగ్గర నేర్చిన విద్య అక్కడ నైలుని ఏడాదంతా పారించింది. పత్తి పండింది, నత్తా పండింది.

1930ల్లో ఎగువ ఈజిప్టులో మడుగుల సేద్యం నుంచి కాలువకి మారిన ఊళ్లని ఖలీల్, అజీం అనే ఇద్దరు లెక్కగట్టారు. ఒకచోట నూటికి 11 మందికి ఉన్న జబ్బు మూడేళ్లలో 64 మందికి పాకింది. ఇంకోచోట నూటికి ఇద్దరికున్నది 75 మందికి. ఆ అంకెలు చదివిన రోజు మా ఊరి కాలువ గట్టు మీద చాలాసేపు కూర్చున్నాను. అందులోనే ఈత నేర్చుకున్నాను. మన నీళ్లలో గురక పురుగుని మోసే నత్త ఉంది కానీ బులైనస్ లేదు. మన దేశంలో ఈ మనుషుల జబ్బు ఒక్కచోట, రత్నగిరి జిల్లా గిమ్విలో, 1952లో బయటపడింది. అక్కడ మోసింది వేరే నత్త.

కైరో నుంచి పిరమిడ్లున్న సక్కారా వెళ్లే దారి కాలువ పక్కనే. మా డ్రైవరుకి అరవై దాటాయి. కారులో పాట పెట్టి, "అబ్దెల్ హలీం హాఫెజ్" అని గర్వంగా చెప్పాడు. వాళ్లకి ఆయన మనకి ఘంటసాల లాంటివాడు. చిన్నప్పుడు పల్లె కాలువలో అంటిన బిల్హార్జియా కాలేయాన్ని తినేస్తే 1977లో లండన్‌లో పోయాడు. ఆ మాట మీద మొదలైంది మా సంభాషణ. నన్ను "దక్తూర్" అంటున్నాడు. పశువుల డాక్టరునని నేను వెంటనే చెప్పలేదు.

పన్నెండేళ్లప్పుడు తనకీ ఎర్రగా పడేదట. ఊరి ఆసుపత్రిలో వరసగా నిలబెట్టి సూదులు వేశారట. నరంలోకి మందు ఎక్కుతుంటే దగ్గు, వెంటనే వాంతి. మందు పేరు అతనికి తెలియదు, నాకు తెలుసు: టార్టార్ ఎమెటిక్. అందులో ఉన్నది ఆంటిమొనీ. 1918లో ఖార్టూమ్‌లో క్రిస్టోఫర్‌సన్ అనే డాక్టరు ఈ జబ్బుకి అది పనిచేస్తుందని చూపించాడు. అప్పట్నుంచి 1980ల్లో ప్రాజిక్వాంటెల్ మాత్రలొచ్చేదాకా ఈజిప్టు లక్షలమందికి అదే ఎక్కించింది, ఒక్కొక్కరికి పన్నెండు నుంచి పదహారు సూదులు. సిరంజిలు గాజువి, మనిషికీ మనిషికీ మధ్య సరిగ్గా ఉడకనివి. వాటితోపాటు హెపటైటిస్ సి ఎక్కింది. 2008 సర్వేలో 15 నుంచి 59 ఏళ్ల వాళ్లలో నూటికి దాదాపు 15 మంది రక్తంలో దాని ఆనవాళ్లు కనిపించాయి. మా డ్రైవరుదీ ఆ లెక్కే. మేం వెళ్లిన ఏడాదే ఊరూరా చేసిన పరీక్షల్లో బయటపడితే మూడు నెలలు మాత్రలు వేసుకున్నాడట. వాళ్ల నాన్న మాత్రం మూత్రాశయం తీసేసినా ఏడాదే బతికాడట.

గురక ఆవులకి నేను పొడిచిన ఆంథియోమలిన్‌లో ఉన్నదీ ఆంటిమొనీయే. నా సిరంజీ గాజుదే. సంత రోజున ముప్పై పశువులుంటే సూది ఎన్నిసార్లు ఉడికించానో అతనితో చెప్పలేదు.

దారిలో ఓచోట ఆపి కారు అద్దం తుడిచాడు. కాలువ రెండడుగుల దూరంలో ఉంది. డిక్కీలోంచి నీళ్ల సీసా తీశాడు. "అందులో ముంచుకోవచ్చుగా" అన్నాను పరీక్షకి. చెయ్యి అడ్డంగా ఊపి, వెనక్కి తిరిగి కాలువకి వీపు పెట్టి చూపించాడు. టీవీలో ఒకప్పుడు వచ్చిన సర్కారు ప్రకటనట, కాలువకి వీపు చూపించమని. అవతలి గట్టున ముగ్గురు పిల్లలు చొక్కాలు విప్పి నీళ్లలోకి దూకుతున్నారు. మధ్యాహ్నం పన్నెండున్నర.