ఇసుకలోని అక్షరము: శిశువిద్యా చరిత్రమున నొక ప్రకరణము

పరకాలయందు గాని, తెలుగునాట మఱి యే యూరియందు గాని, పిల్లవానికి అక్షరాభ్యాసము చేయునాడు ఇల్లంతయు పండుగవలె నుండును. వీలైనవారు బాసరకు బోయి సరస్వతీ సన్నిధిని ఆ ముచ్చట తీర్చుకొందురు. తక్కినవారు ఇంటనే పసుపు వినాయకుని నిలిపి, పళ్లెరములో బియ్యము పఱచి, తండ్రియో తాతయో పిల్లవాని వ్రేలు పట్టుకొని 'ఓం నమః శివాయ సిద్ధం నమః' అని వ్రాయింతురు. ఓనమాలను పేరు దీనినుండియే వచ్చినది. మఱునాడు ఆ బియ్యము వంటయింటికి బోవును. పిల్లవాని చేతికి పలకయో పుస్తకమో వచ్చును. ఆ పళ్లెరమును మరల నెవ్వరును దలపరు.

అయితే ఆ బియ్యము వెనుక ఒక పాత విద్యాపద్ధతి దాగియున్నది. అది మన వీథిబడులలో బుట్టి, సముద్రములు దాటి సీమకు బోయినది. అది యెట్లు పోయెనో, పోయినచోట ఏమయ్యెనో, దానినుండి మనము నేర్వవలసిన దేమో విచారించుట ఈ వ్యాసమున నా యుద్దేశము. పసిపిల్లలకు ఏ తీరున జెప్పిన చదువు వంటబట్టును అని తల్లిదండ్రులు అడుగుచుందురు గదా! ఆ ప్రశ్నకు ఈ చరిత్రమునందే సగము సమాధానము కలదు.

1822వ సంవత్సరమున మద్రాసు గవర్నరుగా నున్న సర్ తామస్ మన్రో తన పాలనలోని మండలములందు దేశీయ విద్య యెట్లున్నదో తెలిసికొనగోరి కలెక్టరుల నందఱను నివేదికలు పంపుడని యాజ్ఞాపించెను. వానిలో బళ్లారి కలెక్టరు ఏ. డి. కాంప్‌బెల్ 1823లో వ్రాసిన నివేదిక మిక్కిలి ప్రసిద్ధమైనది. ఈయన తెలుగునకు వ్యాకరణము రచించినవాడు. మన భాష నెఱిగినవాడు. నాటి బళ్లారి మండలమున నేటి అనంతపురము సీమయు చేరియుండెను గాన ఆ నివేదికలో మన తెలుగు వీథిబడి కన్నులకు గట్టినట్లు కానవచ్చును.

అయిదేండ్ల ప్రాయమున పిల్లవానిని వినాయకుని యెదుట గూర్చుండబెట్టి, అయ్యవారు అతని వ్రేలు పట్టి బియ్యములో దేవుని పేరు వ్రాయించెడివారట. బడిలో జేరిన పిమ్మట ఆ వ్రేలు బియ్యమునుండి ఇసుకకు దిగెడిది. ఐరోపావారివలె అక్షరముల పేర్లు వల్లించి నేర్చుట గాక, మన పిల్లలు నేలపై ఇసుక పఱచుకొని, వ్రాయుచునే అక్షరము నేర్చుచుండిరని కాంప్‌బెల్ ప్రత్యేకముగ గుర్తించెను. ఇసుకలో చేయి తిరిగిన తరువాత గాని తాటాకును గంటమును చేపట్టు నధికారము రాదు. బడికి మొదట వచ్చిన పిల్లవాని యఱచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు, రెండవవానికి సున్న చుట్టుదురు, మూడవవానికి మెల్లగా నొక దెబ్బ, నాల్గవవానికి రెండు, ఆపై వచ్చినవాని కెల్ల ఒక్కొక్క దెబ్బ హెచ్చు. పిల్లలను తరగతులుగా విభజించి, చిన్నవారిని పెద్దపిల్లలకు అప్పగించి, పెద్దవారికి అయ్యవారు తామే పాఠము చెప్పెడివారు. ఇట్లు తక్కువ వ్యయముతో వ్రాత నేర్పుటయు, ముందు నేర్చినవానిచే వెనుకటివానికి నేర్పించుటయు మెచ్చదగిన పద్ధతులని ఆయన వ్రాసెను.

అట్లని ఆ బడులను ఆకాశమున కెత్తుట తగదు. సోమరి పిల్లవానిని చేతులు గట్టి దూలమునకు వ్రేలాడదీయుటయు, గుంజీలు తీయించుటయు నుండెను. పిల్లలు పద్యములు వందలకొలది వల్లింతురు గాని, వాని యర్థము చిలుకకు దెలిసినంతయే వారికిని దెలియునని ఆయనయే వాపోయెను. ఆ మండలమున 533 బడులు, 6,641 మంది విద్యార్థులు ఉండగా, వారిలో ఆడపిల్లలు 60 మంది! బీదఱికము పెరిగి, తల్లిదండ్రులు పిల్లల కష్టమునే నమ్ముకొనవలసి వచ్చినందున బడులు క్షీణించుచున్న వనియు, వానిలో నొక్కదానికైనను సర్కారు సాయము లేదనియు నిర్మొగమాటముగ జెప్పెను. పూర్వకాలమున అంతయు బాగుండె ననువారును, అంతయు చీకటియే యనువారును ఈ నివేదిక నొక్కసారి చదువుట మేలు.

కాంప్‌బెల్ కంటె ముప్పదియేండ్లు ముందుగనే ఈ యిసుక మఱొకని కంటబడెను. ఆండ్రూ బెల్ అను మతాచార్యుడు 1789 మొదలు మద్రాసు ఎగ్మూరులోని సైనికుల అనాథబాలుర శాలకు అధికారిగా నుండెను. ఒకనాడు గుఱ్ఱముపై బోవుచు దేశీయ బడి పిల్లలు నేలపై ఇసుకలో వ్రేళ్లతో అక్షరములు దిద్దుట చూచి, తన శాలలో అట్లే చేయించెదనని వచ్చెను. అందలి ఉపాధ్యాయులు ఇది చేయరాని పని యనిరి. అప్పుడాయన జాన్ ఫ్రిస్కిన్ అను ఎనిమిదేండ్ల బాలుని బిలిచి, చిన్నపిల్లల తరగతి నాతని కప్పగించెను. పెద్దలు కాదన్న పనిని ఆ బాలుడు చక్కగా నెఱవేర్చెను. బెల్ సీమకు మరలి, 1797లో ఈ ప్రయోగమును పుస్తకముగ బ్రకటించెను. మఱుసటి సంవత్సరమే లండనులో జోసెఫ్ లాంకాస్టరు తన బడిని తెఱచెను. కొలదికాలములో వందలాది పిల్లలు ఒక్క సాలలో బారులు దీరి కూర్చుండి, ఇసుక పళ్లెములలో అక్షరములు దిద్దుచుండిరి.

కాని చదువరులారా, అచ్చట జరిగిన పొరపాటు గమనింపదగినది. మన వీథిబడిలో ఇసుకయు తోడిపిల్లవాడును కలిసి యొక చిన్న కుటుంబమువంటి బడిని నిలిపినవి. సీమవారు ఆ రెంటిలో చౌకదనమునే చూచిరి. ఒక్క ఉపాధ్యాయుని జీతముతో వేయిమందికి చదువు చెప్పవచ్చునను ఆశ వారిని లోబఱచుకొనెను. పిల్లవానికి పిల్లవాడు ప్రేమతో చెప్పు పాఠము, గంట మ్రోగగానే చేయి యెత్తి దింపెడి కవాతుగా మాఱెను. పద్ధతి పేరు నిలిచియు, ప్రాణము పోవుట యనగా నిదియే.

పద్ధతికి ప్రాణము మరల బోసినవారు పసిపిల్లవానినే గురువుగ నెంచినవారు. జర్మనీ దేశమున ఫ్రోబెల్ 1837లో చిన్నపిల్లల కొఱకు ఆటలబడి పెట్టి, 1840లో దానికి 'కిండర్‌గార్టెన్', అనగా పిల్లలతోట, యని పేరిడెను. చెట్టును లాగి పెంచలేము. నీరు పోసి పెరుగనీయవలె నన్నది ఆ పేరులోని భావము. ఇటలీలో వైద్యురాలు మరియా మాంటిసోరి 1907 జనవరిలో రోమునగరపు బీదలపేటలో శిశుగృహమును స్థాపించెను. ఆమె బడిలో బహుమానములును శిక్షలును లేవు. పిల్లవాడు తాను కోరిన వస్తువు దీసికొని, తనకు విసుగు పుట్టునంతవఱకు దానితో పనిచేయును. అక్షరముల విషయమున ఆమె చేసిన దేమి? గరుకు కాగితముతో అక్షరములను కత్తిరించి, పలకలపై నంటించి, పిల్లవానిచే వానిపై వ్రేలు త్రిప్పించెను. కన్ను చూచుచుండగా, నోరు ఆ ధ్వని పలుకుచుండగా, వ్రేలు ఆ మార్గమున నడచును. ఇట్లు చదువుట కంటె ముందుగ వ్రాయుట వచ్చును. ఇసుక మరల వచ్చినది! ఆమె మన వీథిబడిని చూచి చేసినది కాకపోవచ్చును. పసివాని వ్రేలే ఇద్దఱకును ఒకే మార్గము చూపినది.

1939వ సంవత్సరాంతమున ఆమె మద్రాసు చేరి అడయారులో దాదాపు 300 మంది ఉపాధ్యాయులకు శిక్షణ నొసగెను. ఆండ్రూ బెల్ ఇసుకను చూచిన పట్టణమే యది. నడుమ గడచినవి సుమారు నూటయేబది యేండ్లు. యుద్ధము కారణముగ ఆమె 1946 వఱకు మన దేశముననే యుండవలసి వచ్చెను. మన తెలుగునాట ఆమె పేరు నిలిపినవారిలో 1955లో విజయవాడయందు మాంటిసోరి పాఠశాలను స్థాపించిన వి. కోటేశ్వరమ్మ ముఖ్యురాలు.

ఆమె రాకకు మునుపే, గుజరాతీ దేశమున గిజుభాయి బధేకా న్యాయవాదవృత్తిని విడిచి, 1920లో భావనగరమున బాలమందిరము తెఱచి, కథలు, పాటలు, నాటకములతో చదువు చెప్పెను. ఆయన సహచరి తారాబాయి మోడక్, 1945 మొదలు బోర్డీ గ్రామమునందును, పిమ్మట కోస్‌బాడ్ కొండలయందును ఆదివాసి శిశువులకు చదువు చెప్పుచు, వారు బడికి రాకున్న బడియే వారి ముంగిటికి బోవలెనని నిశ్చయించెను. ఇంటి ముంగిట సాగిన ఆ బడికి 'అంగన్‌వాడి' యని పేరు. ఖరీదైన పరికరములకు మాఱుగా ఆకులు, గవ్వలు, గులకరాళ్లు లెక్కలు నేర్పినవి. 1975 అక్టోబరు 2వ తేదీన భారత ప్రభుత్వము 33 మండలములలో శిశు అభివృద్ధి పథకము నారంభించినప్పుడు దాని కేంద్రములకును ఈ పేరే వచ్చినది. నేడు తెలంగాణమున నట్టివి 35,000కు మించియున్నవి.

ఇంతవఱకు వ్రేలిని గుఱించియు తోడిపిల్లవానిని గుఱించియు చెప్పితిని. మూడవది భాష. దీనిని పరకాలవారికి వేఱుగ జెప్పనక్కఱలేదు. నిజాము రాజ్యమున 1884 మొదలు రాజభాష ఉర్దూ; ఉన్నతపాఠశాలలలో జదువు ఉర్దూలోనే. ఇంట 'అమ్మా' యని పిలిచిన నోటితో బడిలో మాటాడుటకు జంకవలసిన స్థితి తెలుగు బిడ్డకు వచ్చెను. ఖానగీ బడి పెట్టవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనని 1924లో నియమము లేర్పడెను. మాడపాటి హనుమంతరావు మొదలగువారు 1928లో హైదరాబాదున బాలికలకు తెలుగు పాఠశాల స్థాపించినప్పుడు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు గుర్తింపు లభింపక, పూనాలోని కార్వే మహిళావిశ్వవిద్యాలయము నాశ్రయింపవలసి వచ్చెను. మాతృభాషలో చదువు కావలెనన్న కోరిక ఆంధ్రమహాసభల మూలకారణములలో నొకటి. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయపతాక మెత్తవచ్చి కాల్పులకు బలియైనవారి వెనుక ఇట్టి బహుకాలపు మూగబాధ యుండెను.

ఆ బాధ నెఱిగిన మనము నేడు చేయుచున్న దేమి? ఓరుగల్లు సీమలోని తండాలలో ఇంట లంబాడీ మాటాడెడి పసివానికి మన తెలుగే పరభాష. ఉమ్మడి రాష్ట్రమున 2004 ప్రాంతమున గోండి, కోయ, బంజారా మున్నగు ఎనిమిది భాషలలో తొలితరగతులకు పాఠములు సిద్ధపఱచుట మంచి ప్రయత్నము. మన సొంత బిడ్డలనో, మూడేండ్లు నిండకమునుపే ఇంగ్లీషు నర్సరీలకు బంపి, సాయంకాలము వారి నోటుపుస్తకమున ఎన్ని పుటలు నిండినవని లెక్కించుచున్నాము. బడి నడుపువారును, తల్లిదండ్రులు మెచ్చునది యిదియేయని, మెత్తని వ్రేళ్లచే పెన్సిలు పట్టించి పుటలు నింపించుచున్నారు.

దీనివలని ఫలమేమో విద్వాంసులు పరిశోధించియున్నారు. అమెరికాలో యిప్సిలాంటి యను పట్టణమున 1967లో 68 మంది బీదపిల్లలను మూడు తీరుల బడులలో జేర్చిరి: ఒకచోట ఉపాధ్యాయుడు చెప్పించి వల్లింపజేయుట, రెండవచోట పిల్లవాడే పని తలపెట్టి, చేసి, చేసినదానిని తానే చెప్పుట, మూడవచోట స్వేచ్ఛగ నాడుకొనుట. మొదటి యేడాది బుద్ధిపరీక్షలలో మూడు పక్షములును సమానముగనే పురోగమించెను. ఇరువదిమూడేండ్లు వచ్చిన తరువాత చూడగా, వల్లెబడిలో చదివినవారు తక్కినవారికంటె హెచ్చుగ తగవులలోను నేరములలోను జిక్కియుండిరి. పిల్లల సంఖ్య స్వల్పమను ఆక్షేపణ న్యాయమే. ఐనను ఆలోచింపజేయు విషయమిది. మన దేశముననే అస్సాము, రాజస్థానము, తెలంగాణముల గ్రామములందు 2011 మొదలు దాదాపు 14,000 మంది నాలుగేండ్ల పిల్లలను కొన్ని యేండ్లు వెంబడించి చూచిన పరిశోధనలో, ఐదేండ్లనాటికి బడికి సంసిద్ధులైన పిల్లలు తరువాతి చదువులో మెఱుగుగ నుండిరనియు, ప్రైవేటు నర్సరీలలో వ్రాతచాకిరియు, అనేక అంగన్‌వాడీలలో తగినంత చదువే లేకుండుటయు, రెండును లోపములే యనియు తేలెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వఱకు గల ప్రాయమును ఒక్క దశగ జేసి, దానికి ఆటను, పాటను, కథను, ఇంటిభాషను ప్రాతిపదికగ జెప్పినది. చట్టము చెప్పినంతమాత్రమున ముంగిలి మాఱదు. ముంగిలి గృహిణి చేతిలోనిది.

కావున గృహిణులకు నా మనవి యిది. అక్షరాభ్యాసపు మఱునాడు ఆ పళ్లెరమును దాచివేయకుడు. బియ్యము వలదన్న సన్నని ఇసుక పోసి, పిల్లవానికి ముందుంచి, తోచినది గీయనిండు, అక్షరమే కానక్కఱలేదు. పొరుగింటి పెద్దపిల్లను రప్పించి, చిన్నదానికి చూపింపుడు. నేర్పెడి పిల్లయు నేర్చును. రాత్రి నిద్రకు ముందు మీ యింటిమాటలోనే యొక కథ చెప్పుడు. మీ వాడలోని అంగన్‌వాడికి నెల కొక్కసారియైనను పోయి, పిల్లలు కూర్చుండియున్నారా, ఆడుచున్నారా, మాటాడుచున్నారా చూచి రండు. మాటాడకున్న కార్యకర్తపై గోపింపక, ఆమెకు ఎన్ని రిజిస్టరులు వ్రాయు భారమున్నదో అడుగుడు. నర్సరీవారు నోటుపుస్తకము చూపినప్పుడు, "మా బిడ్డ ఈనాడు మిమ్ము ఏ ప్రశ్న యడిగెను?" అని మీరు వారిని ప్రశ్నింపుడు. పది యిండ్లవారు ఇట్లు అడుగ మొదలిడినచో, పుటలు నింపించు బడులు తమ తీరు మార్చుకొనక తప్పదు.