కృత్రిమం - ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు

ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాయమని మన సంఘం కార్యదర్శిగారు కోరారు. సర్వీసు జ్ఞాపకాలు చాలామంది మిత్రులు వ్రాస్తారు గనుక, నేను ఒక మాట గురించి వ్రాద్దామనుకున్నాను. ఆ మాట ‘కృత్రిమం’.

దీనికి కారణం లేకపోలేదు. నేను దత్తుణ్ణి. నా అయిదో ఏట మా పిన్ని, బాబాయి నన్ను పెంచుకున్నారు. అప్పటినుంచి వారే నాకు అమ్మా నాన్నా. అమ్మ పోయినప్పుడు పదకొండో రోజున దూరపు బంధువొకాయన, “కృత్రిమ సంబంధమే అయినా కన్నకొడుకులా చేశావయ్యా” అన్నారు. మెచ్చుకోలుగానే అన్నారు. కాని ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. కార్యక్రమాలన్నీ ముగిశాక నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను.

సంస్కృతంలో ‘కృ’ ధాతువుకు ‘చేయడం’ అని అర్థం. దానికి ‘క్త్రి’ అనే ప్రత్యయం, ఆపైన ‘మ’ చేరి ‘కృత్రిమ’ అవుతుందని పాణిని వ్యాకరణం చెబుతుంది. ‘చేయడం వల్ల ఏర్పడినది’ అని అర్థం. ఇదే పద్ధతిలో వండడం వల్ల తయారైనది ‘పక్త్రిమం’, విత్తడం వల్ల వచ్చినది ‘ఉప్త్రిమం’. ఆ రెండు మాటలూ మనకు వాడుకలో లేవు, కృత్రిమం ఒక్కటే నిలిచింది. వండిన అన్నంలోనూ, విత్తిన పంటలోనూ అబద్ధమేముంది? కృత్రిమంలోనూ మొదట అంతే. ఋగ్వేదంలో సైతం ఈ మాట ఉంది. అక్కడ కట్టిన అడ్డుగోడలకు దీనిని వాడారు.

మనుస్మృతిలో పన్నెండు రకాల పుత్రులను చెప్పారు. అందులో ఔరసుడు మొదటివాడు, దత్తుడు మూడవవాడు, కృత్రిముడు నాలుగవవాడు. మంచిచెడ్డలు తెలిసినవాడై, పుత్రగుణాలు కలిగినవాణ్ణి కొడుకుగా చేసుకుంటే అతడు కృత్రిమ పుత్రుడు. వారసత్వానికి, బంధుత్వానికి అర్హులైన మొదటి ఆరుగురిలో అతడూ ఉన్నాడు. మిథిలా ప్రాంతంలో ఈ పద్ధతి ఆధునిక కాలం దాకా సాగింది, న్యాయస్థానాలు కూడా గుర్తించాయి. దత్తతకు పిల్లవాణ్ణి కన్నవారు ఇస్తారు. కృత్రిమ పుత్రుడి విషయంలో అతని ఒప్పుదల తప్పనిసరి. 1956లో హిందూ దత్తత, మనోవర్తి చట్టం వచ్చి హిందువులకు ఒకే పద్ధతి ఏర్పరచింది. శాస్త్రం లెక్కన నేను దత్తుణ్ణే గాని కృత్రిముణ్ణి కాను. మా బంధువు ఆ మాటా తప్పే అన్నారన్నమాట!

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో మిత్రులను మూడు విధాలుగా చెప్పాడు. పొరుగు రాజ్యానికి అవతలి రాజు ప్రకృతి మిత్రుడు. తల్లిదండ్రుల వైపు సంబంధం గలవాడు సహజ మిత్రుడు. ధనం కోసమో, ప్రాణరక్షణ కోసమో ఆశ్రయించినవాడు కృత్రిమ మిత్రుడు. కాళిదాసు మేఘసందేశంలో యక్షుడి భార్య ఇంటి ముందు ఒక చిన్న మందార వృక్షాన్ని కొడుకులా పెంచుతుంది. దానిని కవి ‘కృతక తనయుడు’ అన్నాడు. అక్కడ ఎంత ఆపేక్ష ఉందో చదివినవారికి తెలుసు.

మరి ఈ మాటకు మచ్చ ఎలా వచ్చింది? దీనికి ఎదురుగా ‘సహజం’, ‘అకృత్రిమం’ అనే మాటలు ఉన్నాయి. అకృత్రిమ స్నేహం అని మెచ్చుకోవడం అలవాటైతే, కృత్రిమం చిన్నబోక తప్పదు. సంస్కృతంలోనే దీనికి ‘బూటకం’ అనే అర్థం కూడా ఏర్పడింది. తెలుగులో కృత్రిమ నవ్వు, కృత్రిమ కొరత అంటున్నాం. అదే నోటితో కృత్రిమ కాలు అనీ అంటున్నాం. పోయిన కాలి స్థానంలో మనిషిని మళ్ళీ నడిపించేదానిలో మోసమేముంది?

పాశ్చాత్యులకూ ఈ చిక్కు వచ్చింది. ఫ్రాన్సులో షార్డొనే 1884లో కృత్రిమ పట్టుకు పేటెంటు తీసుకున్నాడు. ఆ పేరు కొనేవారికి నచ్చడం లేదని 1924లో అమెరికా వర్తకులు దానికి ‘రేయాన్’ అని కొత్త పేరు పెట్టారు. మన బజార్లలో మాత్రం అది ఆర్ట్ సిల్కుగానే చాలాకాలం అమ్ముడుపోయింది. ఇప్పుడు మనవలు చెబుతున్న ‘కృత్రిమ మేధ’కు ఇంగ్లీషు పేరు 1955లో జాన్ మెకార్థీ తదితరుల ప్రతిపాదనలో వచ్చింది.

ఆఫీసుల్లో పనిచేసిన మనకు ఇంకో జత మాటలు బాగా తెలుసు: నకలు, నకిలీ. రెండూ అరబ్బీలోని ఒకే మాట నుంచి పుట్టినవే. కాని అధికారి సంతకం చేసిన నకలు కోర్టులో చెల్లుతుంది, నకిలీ జైలుకు పంపుతుంది. కృత్రిమం అనేది వస్తువు ఎలా పుట్టిందో చెబుతుంది. నకిలీ అనేది దాని వెనుక ఉన్న బుద్ధిని చెబుతుంది. ఈ రెంటినీ కలిపివేయడమే మనం చేస్తున్న పొరపాటు.

అచ్చ తెలుగు ఈ విషయంలో నిజాయితీ గలది. కట్టుడు పళ్ళు, పెట్టుడు మీసం, పెంపుడు కొడుకు. కట్టినది, పెట్టినది, పెంచినది అని చేసిన పనినే చెబుతుంది, అంతకు మించి తీర్పు చెప్పదు.

చిన్నతనంలో ఎవరో ఏదో అన్నారని ఏడుస్తూ వస్తే అమ్మ, “నిన్ను కనలేదురా, కొడుకుగా చేసుకున్నాను” అనేది. మా అమ్మకు సంస్కృతం రాదు. అయినా పాణిని చెప్పిన అర్థమే చెప్పింది. ఆ బంధువు మీద నాకిప్పుడు కోపం లేదు.

మన సంఘం సంగతీ అంతే. ఎక్కడెక్కడి వారమో ఉద్యోగం కోసం వచ్చి ఒక చోట చేరాం. కౌటిల్యుడి లెక్కన మనమంతా కృత్రిమ మిత్రులమే. ముప్ఫై ఏళ్ళు కలిసి చేసుకున్న స్నేహం అది.