రాతలో నిలిచిన రాగం, నోట నిలిచిన రాగం
ప్రాచీన గ్రీకు స్తుతిగీతం, ఆంధ్ర క్రైస్తవ కీర్తన: ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

22వ కీర్తన శీర్షికలో అయ్యలెత్ షహరు అనే రాగం పేరు కనిపిస్తుంది. వేకువ జింక అని దాని భావం. 45వ కీర్తనకు షోషన్నీము అనే పేరుంది. ఆనాటి ప్రధాన గాయకునికి ఈ పేరు చెబితే చాలు, పాట ఎత్తుకునేవాడు. నేడు పేర్లు మిగిలాయి, రాగాలు మిగలలేదు.

మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలోనూ కీర్తనల పైన రాగం, తాళం పేర్లు ముద్రించి ఉన్నాయి. వాటికీ ఇదే గతి పట్టబోతున్నదా? ఈ ప్రశ్నకు జవాబు వెదకటానికి, ప్రాచీన గ్రీకు స్తుతిగీతాలను నేటి లైర్ వాద్యకారులు ఎలా తిరిగి పలికిస్తున్నారో ముందుగా పరిశీలించి, ఆ తరువాత బందరు, గుడివాడ, దివిసీమ ప్రాంతాల వైపు చూద్దాం.

1. గ్రీకువారి స్వరలిపి

గ్రీకువారు పాటలోని అక్షరాల పైన స్వరచిహ్నాలు వ్రాసేవారు. గాత్రానికి ఒక వరుస, వాద్యానికి మరొక వరుస చిహ్నాలుండేవి. అలీపియస్ అనే పండితుడు కూర్చిన పట్టికల వలన ఆ చిహ్నాల అర్థం మనకు తెలిసింది. అయినా స్వరాలతో దొరికినవి చిన్నవీ పెద్దవీ కలిపి సుమారు 60 మాత్రమే. 1893లో డెల్ఫీలో బయటపడిన రెండు అపొల్లో స్తోత్రాలు క్రీ.పూ. 2వ శతాబ్దంలో రాతిపై చెక్కినవి.

వీటిలో క్రైస్తవ గీతం ఒక్కటే. ఐగుప్తులోని ఆక్సిరింకస్‌లో దొరికిన పాపిరస్‌ను 1922లో 1786వ సంఖ్యతో ప్రకటించారు. అది క్రీ.శ. 3వ శతాబ్దం చివరిది. ధాన్యపు లెక్కలు వ్రాసిన కాగితం వెనుక వైపున ఈ గీతం ఉంది. తండ్రిని, కుమారుని, పరిశుద్ధాత్మను స్తుతించేటప్పుడు సృష్టి యావత్తు మౌనం వహించి ఆమేన్ పలకాలన్నది దాని సారాంశం. నీకయ సభ జరిగిన 325వ సంవత్సరానికి ముందే సంఘం త్రిత్వాన్ని పాటలో ఒప్పుకొన్నదనటానికి ఇది సాక్ష్యం. స్వరాల వ్యాప్తి ఒక స్థాయి, అంటే ఎనిమిది స్వరాలు.

2. లైర్ వాద్యకారుల ప్రయత్నం

లైర్, దానికంటే పెద్దదైన కిథారా, రెండూ తంత్రీ వాద్యాలే. 1 కొరింథీ 14:7లోను, ప్రకటన 5:8లోను మన బైబిలు వీణ అని అనువదించినది ఈ కిథారానే. నేడు మన యువకులు వాయించే గిటారుకు పేరు వచ్చింది కూడా దాని నుండే. పౌలు పత్రికలు వ్రాసిన థెస్సలొనీక పట్టణంలోనే నేడు పురాతన నమూనాలను బట్టి లైర్‌లను తయారు చేస్తున్నారు.

వాద్యం చేతికి వచ్చినా చిక్కులు తీరలేదు. సంప్రదాయ లైర్‌కు సాధారణంగా ఏడు తంత్రులు. ఎనిమిది స్వరాల పాటకు ఒకటి తక్కువ. పాపిరస్‌లో ఉన్నవి గాత్ర చిహ్నాలే గాని, తంత్రులపై ఏమి వాయించాలో అందులో లేదు. ఎంత వేగంగా పాడాలో, స్వరం నుండి స్వరానికి ఎలా సాగాలో అదీ లేదు. పైగా ఆదిమ సంఘం ఆరాధనలో వాద్యాలను చాలావరకు దూరంగా ఉంచింది. అలెగ్జాండ్రియా క్లెమెంటు వీణను విశ్వాసి నోటికి పోల్చి, దానిని మీటేది ఆత్మ అని వివరించాడు. కాబట్టి ఈ గీతాన్ని లైర్‌పై వాయించటం నేటివారు చేసుకొన్న నిర్ణయమే.

ఈ ఖాళీలను పూరించటానికి వారు ఎక్కడికి వెళ్లారన్నది మనకు ముఖ్యం. ఇథియోపియాలో క్రార్ అనే లైర్ నేటికీ వాడుకలో ఉంది. బెగెనా అనే పది తంత్రుల లైర్‌పై అక్కడి ఆర్థొడాక్స్ విశ్వాసులు భక్తిగీతాలు పాడతారు. ఎడమచేతి వేళ్లతో అక్కరలేని తంత్రులను అదిమి, కుడిచేత అన్నిటినీ ఒక్కసారి మీటే పద్ధతి గ్రీకు కుండలపై బొమ్మల్లో సూచనగా ఉంటే, క్రార్ వాద్యకారుల చేతుల్లో సజీవంగా ఉంది. 2025లో ఆక్సిరింకస్ గీతం ఆధునిక బాణీతో మళ్లీ సంఘాలకు వచ్చింది. అందులో సాహిత్యం పాతది, సంగీతం చాలావరకు కొత్తది. రాత మిగిలి పాడే నోరు మిగలకపోతే అంతకంటే సాధ్యం కాదు.

3. బందరు నేలపై కీర్తన

1841లో చర్చి మిషనరీ సొసైటీ పక్షాన రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ బందరు వచ్చారు. ఆ శతాబ్దంలో మిషనరీలు ఆంగ్ల గీతాలను వాటి బాణీలలోనే తెలుగు చేయగా, పురుషోత్తమ చౌదరి గారు (1803–1890) మొదలైనవారు పల్లవి, చరణాలతో దేశీయ రాగతాళాలలో కీర్తనలు రచించారు.

ఈ డెల్టా ప్రజలకు రాగం పేరు పరాయిది కాదు. క్షేత్రయ్యది మొవ్వ, దాని పొరుగునే కూచిపూడి. దివిసీమలోని పెదకళ్లేపల్లిలో సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు త్యాగరాజ శిష్యపరంపరను నిలిపారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, వారి శిష్యుడు బాలమురళీకృష్ణ గారు. ఘంటసాల వెంకటేశ్వరరావు గారు 1922లో గుడివాడ దగ్గర చౌటపల్లిలో జన్మించారు. ఇటువంటి చోట ఆనందభైరవి అని పైన వ్రాస్తే పాడేవారికి దారి తెలిసేది.

అయితే సంఘాలలో సాధారణంగా వాడే ప్రతులలో స్వరాలు లేవు. కొన్నిటి పైన ఛాయ అని మరొక కీర్తన మొదటి మాటలు మాత్రమే ఉంటాయి. ఆ మూల కీర్తన మరచిపోతే దాని ఛాయలో వ్రాసినవన్నీ మూగబోతాయి. షోషన్నీముకు జరిగింది ఇదే.

4. నేటి పరిస్థితి

గ్రీకువారికి రాత మిగిలి నోరు పోయింది. మనకు నోరు మిగిలింది, రాత లేదు. ఆ నోరు కూడా ఎంతకాలం? 1864 నవంబరు 1న బందరును ముంచిన ఉప్పెనలో సుమారు 30,000 మంది చనిపోయారు. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వేలాది ప్రాణాలు తీసికొన్నది. పుస్తకం కొట్టుకుపోతే మరొకటి అచ్చు వేయవచ్చు. పాడే పెద్దలు పోతే వారి బాణీని ఏ ముద్రణాలయమూ తేలేదు.

ఉప్పెన లేకుండానే మరో మార్పు జరుగుతున్నది. లైర్ తంత్రిలాగే కీబోర్డు మీట కూడా ఒక స్వరాన్నే నిలకడగా పలుకుతుంది. గమకం దానిపై సులభంగా రాదు. ఏడు మాత్రల మిశ్రచాపు కీర్తనను నాలుగు దెబ్బల యంత్ర లయలో ఇరికిస్తే సాహిత్యం అదే ఉన్నా నడక మారిపోతుంది. వాద్యాన్ని నిందించటం మా ఉద్దేశం కాదు. వాయించేవానికి ముందుగా పాట వినిపించాలన్నదే మా మనవి.

ముగింపు

లైర్ వాద్యకారులు పదిహేడు శతాబ్దాల దూరం నుండి, పరదేశపు చేతులను చూసి నేర్చుకోవలసి వచ్చింది. మనకు ఆ దూరం లేదు. కాపరులు తమ సంఘంలో పాత కీర్తనలు తెలిసిన తల్లుల చేత, పెద్దల చేత పాడించి ఫోనులోనైనా భద్రపరచాలి. కీర్తన సంఖ్య, ఊరు, సంవత్సరం, నేర్పినవారు ఎవరో వ్రాసి ఉంచాలి. సంగీతం తెలిసిన వేదాంత విద్యార్థులు వాటికి స్వరాలు కూర్చాలి. ఒకే కీర్తన బందరులో ఒక విధంగా, అవనిగడ్డలో మరొక విధంగా వినిపిస్తే రెండిటినీ ఉంచాలి. స్వరాలలో భేదం తెలియకపోతే వాయించినది ఎలా తెలుస్తుందని కొరింథీయులను పౌలు అడిగిన ప్రశ్న మన ఆరాధనకు కూడా వర్తిస్తుంది.