ధవళేశ్వరంలో ఆనకట్టే కాదండోయ్, సీరియల్ కూడా మొదలైంది



ధవళేశ్వరం అనగానే మనకి కాటన్ దొర, ఆనకట్ట, లాకులు గుర్తొస్తాయి. 1852లో ఆనకట్ట పూర్తయింది, మన చేలకి నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత పాతికేళ్ళకి అదే ఊరు ఇంకో పనికి మొదలైంది. ఇవాళ ఆ సంగతి చెప్తాను.

రాజమండ్రి కందుకూరి వీరేశలింగం పంతులుగారు వివేకవర్ధని అనే పత్రిక నడిపేవారు. 1878లో అందులో రాజశేఖర చరిత్రము అనే కథని కొంచెం కొంచెంగా వేశారు. ఒక సంచికలో కొంత, తర్వాత సంచికలో ఇంకొంత. 1880లో పుస్తకమైంది. మన భాషలో తొలి నవలల్లో ఒకటిగా చెప్పుకునేది ఇదే. కథ మొదలయ్యేది మన ధవళేశ్వరంలోనే.

కథేంటంటే, రాజశేఖరుడు కలిగినవాడు, మంచివాడు. చుట్టూ చేరి పొగిడేవాళ్ళని నమ్ముతాడు. బంగారం చేసిపెడతానన్న బైరాగినీ నమ్ముతాడు. ఆ బైరాగి ఇంట్లో ఉన్న బంగారం కాస్తా పట్టుకుని ఉడాయిస్తాడు. డబ్బున్నప్పుడు గుమ్మం వదలనివాళ్ళు, పోయాక గుమ్మం తొక్కరు. ఇప్పుడు ఆ బైరాగి కాషాయం కట్టుకుని రావట్లేదు, ఆర్నెల్లలో డబ్బు రెట్టింపు అంటూ ఫోన్లోకి వస్తున్నాడు. అంతే తేడా.

తర్వాత తణుకులో 1912లో పుట్టిన కొవ్వలి లక్ష్మీనరసింహారావుగారు. ఒక్క చేత్తో వెయ్యి నవలలు రాశారు. చిన్న పుస్తకాలు, తక్కువ ధర, రైలు స్టేషన్లలో అమ్మేవారు. ఇక్కడ ఎక్కి చదవడం మొదలెడితే దిగేలోపు అయిపోయేంత కథ. పెద్ద పండితులు వాటిని చిన్నచూపు చూశారు గానీ, బళ్ళో నాలుగు అక్షరాలు నేర్చి ఆగిపోయినవాళ్ళ చేత కూడా పుస్తకం పట్టించింది అలాంటి కథలే.

ధవళేశ్వరం మళ్ళీ వస్తుంది చూడండి. ముళ్ళపూడి వెంకటరమణగారు అక్కడే 1931లో పుట్టారు. బొమ్మలేసిన బాపుగారిది నరసాపురం, 1933. 1950ల్లో ఆంధ్రపత్రిక వారపత్రికలో ఆయన మాటలు, ఈయన గీతలు కలిసి బుడుగు వచ్చాడు. ఇంగ్లీషు బొమ్మల పుస్తకాల్లో వీరులు ఆకాశంలో ఎగురుతారు. మన బుడుగు నిక్కరేసుకుని పెద్దాళ్ళ గుట్టు రట్టు చేస్తాడు, అదీ మన వీధిలో మాట్లాడే తెలుగులో. బాపుగారి చేతిరాత ఇప్పటికీ మన పెళ్ళి శుభలేఖల మీద అచ్చవుతోంది.

ఆ తర్వాత వారపత్రికల సీరియళ్ళ కాలం. రాజోలులో పుట్టిన యండమూరి వీరేంద్రనాథ్‌గారి తులసిదళం ఆంధ్రభూమి వారపత్రికలో వస్తుంటే, వచ్చే వారం ఏమవుతుందో అన్న బెంగ ఊళ్ళకి ఊళ్ళకి పట్టుకుంది. ఒకరు కొంటే పదిళ్ళు తిరిగేది. చదవడం రానివాళ్ళకి చదివి వినిపించేవారు. సీరియల్ అయిపోయాక ఆ కాగితాలు జాగ్రత్తగా చింపి, దారంతో కుట్టి, అట్ట వేసి దాచుకున్న ఇళ్ళు మన పల్లెల్లో చాలా ఉన్నాయి.

నా బాధ అక్కడేనండి. ఆ కట్టలు ఇప్పుడు అటకల మీద చెదలు తింటున్నాయి. లేదంటే పాత పేపర్లవాడికి కిలోల లెక్కన పోతున్నాయి. నవలలు పుస్తకాలుగా మళ్ళీ దొరకొచ్చు. కానీ ఆ పేజీ పక్కన ఉన్న బొమ్మ, ఎరువుల ప్రకటన, పాఠకుల ఉత్తరం మళ్ళీ దొరకవు. మన తాతలు, అమ్మమ్మలు ఏం చదివి నవ్వుకున్నారో, దేనికి భయపడ్డారో చెప్పే సాక్ష్యం అదొక్కటే. విత్తనం కొట్టు ఖాళీ అయితే మళ్ళీ కొనుక్కోవచ్చు, సొంత విత్తనం పోతే ఎక్కడ తెస్తాం?

అందుకని ఒక్క మాట. ఈ పండక్కి ఇల్లు దులిపేటప్పుడు అటక మీద కట్ట కనిపిస్తే, తూకానికి వేసే ముందు ఒక్కసారి విప్పి చూడండి. మీకు వద్దనిపిస్తే మీ ఊరి గ్రంథాలయానికి ఇవ్వండి. ఉంచుకుంటే ఇంకా మంచిది, రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని కూర్చోబెట్టి నాలుగు పేజీలు చదివి వినిపించండి. అక్కడితో ఆపేయండి.

మిగతాది రేపు వాళ్ళే అడుగుతారు.