గోదావరి యొడ్డున నొక చిత్రశాల

రాజమహేంద్రవరమున కళాశాలాధ్యక్షుడుగా నుండిన ఆస్వాల్డ్ కూల్డ్రే దొర, తానును చిత్రలేఖనమున నభినివేశము గలవాడగుటచేత, దామెర్ల రామారావను బాలుని వ్రేళ్లయందలి నేర్పును పసిగట్టి, 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలకు పంపుటకు తోడ్పడెను.

ఆనాడు వంగదేశపు చిత్రకారులు కాగితమును పలుమార్లు నీట తడిపి, వర్ణముపై వర్ణము పూసి, మంచు గప్పినట్టి మసకను సాధించుచుండిరి; బొంబాయివారో, పాశ్చాత్యుల ననుసరించి, దేహనిర్మాణమును, వెలుగునీడలను కొలతగా నేర్పుచుండిరి. రామారావు ఈ రెంటిలో దేనికిని దాసుడు కాక, నీటిరంగులనే చేపట్టియు నాకృతులను మసకలో కరగనీయక, అజంతా కుడ్యచిత్రములను దలపించు నిండైన రేఖతో వానిని నిలిపెను. ‘సిద్ధార్థ రాగోదయము’, ‘పుష్పాలంకారము’ చూచినవారికి, స్త్రీమూర్తుల మెడవంపులలో, చేతుల కదలికలో నీ సమన్వయము గోచరించును. ఇది రాజీ యనువారు గలరేమో గాని, నాకు మాత్ర మిది సాహసముగానే తోచును.

బొంబాయి నుండి స్వస్థలమునకు మరలివచ్చి, కళ జీవనాధార మగుట యరుదైన యా పట్టణముననే చిత్రకళాశాల నెలకొల్పి, శిష్యులకు కుంచె పట్ట నేర్పెను. భార్య సత్యవాణియు చిత్రకారిణియే. 1925 ఫిబ్రవరిలో, ఇరువదియెనిమిదేండ్లు నిండకమునుపే, మశూచికము ఆయనను బలిగొనెను. మిత్రుడు వరదా వెంకటరత్నము ఆ చిత్రకళాశాలను కాపాడెను. రామారావు చిత్రములు నేటికిని ఆ నగరమునందలి దామెర్ల చిత్రశాలలో నున్నవి.