మందు ముందు, కారణం వెనుక

1849లో లండన్ వైద్యుడు థామస్ అడిసన్ ఒక వింత రక్తహీనతను వర్ణించాడు. రోగి పాలిపోయి, నీరసించి మరణించేవాడు. శవపరీక్షలోనూ కారణం కనబడేది కాదు. లక్షణాలే ఆ జబ్బుకు గుర్తు. దానికే తరువాత పెర్నీషియస్ అనీమియా అనే పేరు స్థిరపడింది.

1926లో బోస్టన్ వైద్యులు మైనాట్, మర్ఫీ రోగులచేత కాలేయం తినిపించి బ్రతికించారు. కాలేయంలో ఏమున్నది? భీమవరంలో పుట్టిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావును ఈ ప్రశ్న వదలలేదు. స్ప్రూ వ్యాధి వల్ల సోదరుని పోగొట్టుకొన్నవారాయన. 1930లో హార్వర్డులో డాక్టరేటు పొంది, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1945లో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగులకు అది వరమే. పెర్నీషియస్ అనీమియాలోనూ రక్తం పుంజుకొన్నది. కాని నరాల క్షీణత ఆగలేదు! దానికి కావలసినది 1948లో కాలేయం నుంచి వేరుచేసిన బి12 విటమిన్. ఆ ఆగస్టులోనే సుబ్బారావు కన్నుమూశారు.

ఆహారంలో బి12 ఉన్నా రోగి ఒంటికి ఎందుకు పట్టదు? జీర్ణకోశంలో ఊరే ఒక పదార్థం లోపించినందువల్ల. ఆ సంగతి కాసిల్ 1929 నాటికే పసిగట్టాడు. మరి అది లోపించడమెందుకు? దేహం తనను తాను గాయపరచుకోదనే నమ్మకం శాస్త్రజ్ఞులలో చాలాకాలం బలంగా ఉండేది. 1960 ప్రాంతంలో ఆ నమ్మకానికి దెబ్బ తగిలింది. సూక్ష్మజీవులను అణచడానికి దేహం తయారుచేసుకొనే ప్రతిరక్షకాలే ఈ రోగులలో ఆ పదార్థంపైన, దానిని స్రవించే కణాలపైన తిరగబడుతున్నాయని తేలింది. కావలివాడే ఇల్లు దోచాడన్నమాట!

ఒళ్ళంతా నొప్పులే తప్ప కారణం కనబడని ఫైబ్రోమయాల్జియా విషయంలోనూ 2021లో ఇటువంటి ప్రయోగమే జరిగింది. రోగుల ప్రతిరక్షకాలను బ్రిటన్, స్వీడన్ పరిశోధకులు చిట్టెలుకలకు ఎక్కించగా, అవి కొద్దిపాటి ఒత్తిడికీ, చలికీ బాధపడసాగాయి. కొన్ని వారాలకు ప్రతిరక్షకాలు తరిగిపోగా మామూలయ్యాయి.